లక్ష అంగుళాల పరుగు

మా బావ టేపుతో కొలవని దేన్నీ నమ్మడు. వృత్తి టైలరు కాబట్టి మెడలో టేపు ఉండడం వింత కాదు. స్నానానికి తప్ప అది దిగకపోవడమే వింత. స్నానానికైనా దిగుతుందన్నది మా అక్క మాట, నేను చూడలేదు.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొహమాటం కాబోలనుకుని మా నాన్న, "లోపలికి రా బాబూ" అన్నాడు.

"వస్తానండీ. మీ గుమ్మం పైన ముప్పై ఆరు, కింద ముప్పై ఆరుంబావు. ఎవరు చేశారండీ దీన్ని?"

మా నాన్న వడ్రంగి. ఆ గుమ్మం ఆయన సొంత చేతులతో చేసిందే. అయినా పిల్లనిచ్చాడంటే ఆయనది పెద్ద మనసు.

ఇక నా సంగతి. నేను లిఫ్టు మెకానిక్కుని. పెద్ద భవనాల పైన లిఫ్టు మోటారుకి ఒక చిన్న గది ఉంటుంది. అక్కడికి యజమాని రాడు, పై అధికారి రాడు. సిగరెట్టుకి అంతకన్నా మంచి చోటు లేదు. రోజుకి పదిహేను తాగేవాణ్ణి. ఒకరోజు ఏడో అంతస్తులో లిఫ్టు ఇరుక్కుపోయింది. లోపల ఇద్దరు ముసలమ్మలు. మెట్లెక్కి వెళ్ళి తలుపు తెరిచేసరికి నా ఒగర్పు చూసి వాళ్ళే నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, వీపు నిమిరారు. "ఇంట్లో ఎవరికైనా ఫోన్ చెయ్యమంటావా నాయనా?" అని అడిగింది ఒకావిడ. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూటే సిగరెట్టు మానేశాను.

మానేసిన నోరు ఖాళీగా ఊరుకుంటుందా? బిస్కెట్లు మొదలయ్యాయి. వేరుశెనగలు జేబులోకి చేరాయి. రెండు నెలలు తిరక్కుండా యూనిఫాం ప్యాంటు బొత్తం తెగి లిఫ్టు గుంతలో పడింది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని తిన్నగా బావ షాపుకి వెళ్ళాను.

"బావా, మళ్ళీ మొదలెట్టేస్తున్నా."

"ఏంటి?"

"సిగరెట్టు. ఊపిరితిత్తులు పాడైతే ఎవడికీ కనపడదు. బొజ్జ వీధంతా కనపడుతోంది."

బావ టేపు తీసి నా నడుం చుట్టూ తిప్పాడు. ముప్పై ఏడు. ప్యాంటు ముప్పై ఆరు, తనే కుట్టాడు.

"నెల రోజులు నాతో పరిగెత్తు. ప్యాంటు వదులైతే మళ్ళీ సిగరెట్టు మాట ఎత్తకు. కాకపోతే పెట్టె నేనే కొనిస్తా, అగ్గిపెట్టెతో సహా."

"నువ్వెందుకు పరిగెత్తడం? ఇప్పటికే పుల్లలా ఉన్నావు."

"దూరం కొలిచేవాడు ఉండొద్దూ?"

సరదాకి అన్నాడనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున వెళ్ళేసరికి పార్కు చుట్టూ ఉన్న రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అరవై అంగుళాల టేపు పరవడం, చాక్ ముక్కతో గీత పెట్టడం, ముందుకి జరగడం. నడవడానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ తిరిగిపోతున్నారు. ఎదురింటాయన కంగారుగా గేటు తీసుకుని వచ్చాడు.

"రోడ్డు వెడల్పు చేస్తున్నారా సార్?"

"చుట్టుకొలత తీస్తున్నానండీ."

"మా ప్రహరీ జోలికి మాత్రం రాకండి. మొన్ననే సున్నం వేయించాం."

బావ ప్రహరీని పైకీ కిందకీ చూశాడు. "ఈ మూల కొంచెం బయటికొచ్చిందండీ. తీసేస్తే చక్కగా కూర్చుంటుంది."

టైలరుగా అన్న మాటే అది. పాపం ఆయన లోపలికి పరిగెత్తి, రెండు గ్లాసుల కాఫీ పట్టుకొచ్చి మా చేతుల్లో పెట్టాడు.

లెక్క తేలింది. పార్కు చుట్టూ నాలుగు వందల ముప్పై మూడు టేపులు, పైన నాలుగు అంగుళాలు. అంటే ఇరవై అయిదు వేల తొమ్మిది వందల ఎనభై నాలుగు అంగుళాలు. ఆ రోజు నుంచి మా పరుగులో కిలోమీటరు అన్న మాట లేదు. నేను చుట్టులో సగానికే చతికిలపడితే, "పన్నెండు వేలు దాటావు, తక్కువా?" అనేవాడు. పన్నెండు వేలు అనగానే నాకూ ఏదో సాధించినట్టే ఉండేది. మూడో వారంలో ఆగకుండా నాలుగు చుట్లు తిరిగాను. బావ రెండు చేతులూ పైకెత్తాడు.

"లక్ష దాటేశావురా. లక్షా మూడు వేల తొమ్మిది వందల ముప్పై ఆరు."

నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు. ఆ రోజు పనిలో ప్రతి లిఫ్టులోనూ ఎక్కినవాళ్ళకి చెప్పాను. పార్కులో నడిచే రిటైర్డు హెడ్మాస్టరు కూడా కిలోమీటర్లు వదిలేసి, "ఇవాళ ఎన్ని వేలు?" అని అడగడం మొదలుపెట్టాడు.

అన్నిటికన్నా పెద్ద సంబరం ప్యాంటుది. కుట్టినవాడే ఇస్త్రీ చేస్తే మడత నిలుస్తుందని ప్రతి ఆదివారం బావ నా యూనిఫాం తీసుకెళ్ళేవాడు. నెల తిరిగి ప్యాంటు వేసుకుంటే బొత్తం నన్ను ఊపిరి బిగబట్టమనకుండానే పడింది. రెండో నెలకి నడుం దగ్గర బొటనవేలు పట్టింది. మూడో నెలకి రెండు వేళ్ళు. తగ్గుతున్నాను కదా అన్న ధైర్యంతో రెండోసారి వడ్డించుకోవడం కూడా మొదలుపెట్టాను. అయినా ప్యాంటు వదులవుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పన్నెండో అంతస్తు మోటారు గదిలో నాతో పనిచేసే ఎలక్ట్రీషియన్ సిగరెట్టు చాపాడు. పొద్దుటి నుంచీ మొండికేసిన మోటారు, చేతులనిండా గ్రీజు, తిండి లేదు. చెయ్యి దానంతట అది ముందుకెళ్ళింది. అలవాటుగా రెండో చెయ్యి ప్యాంటు నడుం దగ్గరికి పోయింది. రెండు వేళ్ళూ హాయిగా దూరాయి. "వద్దు బాబూ, లక్ష అంగుళాలు వృథా అయిపోతాయి" అన్నాను. నాకు పిచ్చెక్కిందనుకున్నాడు.

నాలుగో నెలలో ప్యాంటు జారడం మొదలైంది. బావ బట్టల కోసం ఊరెళ్ళాడు. ఆగలేక మా ఆఫీసు ఎదురుగా ఉన్న ఇంకో టైలరు దగ్గరికి వెళ్ళి, ఛాతీ విరుచుకుని, "చాలా తగ్గిపోయాను, నడుం బిగించండి" అన్నాను. ఆయన ప్యాంటు తిరగేసి వెనక కుట్టు మీద వేలు పెట్టాడు.

"దీన్ని మూడుసార్లు విప్పి వదులు చేశారు సార్. ఒక్కోసారి ఒక అంగుళం. చేసినాయన చెయ్యి మంచిది, బయటికి గీత కూడా తెలియడం లేదు."

నా నడుం కొలవమన్నాను. ముప్పై ఏడున్నర. నాలుగు నెలలు పరిగెత్తి అరంగుళం పెరిగాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. బావ ఊరు నుంచి దిగేసరికి షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మూట దించుకోనివ్వకుండా ప్యాంటు మొహం ముందు ఆడించాను.

"ఇదేంటి బావా? ఊరందరికీ చెప్పుకున్నాను. ఎంత మోసం?"

బావ నెమ్మదిగా మెషీను వెనక కూర్చున్నాడు. "ఒకటి అడుగుతా. ఈ నాలుగు నెలల్లో ఎన్ని తాగావు?"

"ఒక్కటీ లేదు."

"నూట ఇరవై రోజులు, రోజుకి పదిహేను. పద్దెనిమిది వందల సిగరెట్లు. సిగరెట్టు పొడుగు మూడంగుళాలు వేసుకో. అయిదు వేల నాలుగు వందల అంగుళాలు నీ లోపలికి పోకుండా ఆగాయి. దానికి నాకైన ఖర్చు మూడంగుళాల బట్ట. అదీ నీ ప్యాంటులోదే. దండగంటావా?"

కోపం ఎటుపోయిందో తెలియదు. బావని కావలించుకోవాలనిపించింది, మెషీను అడ్డం ఉంది. అప్పుడు ఒక సంగతి తట్టింది. పార్కులో లైటు స్తంభాల్ని కూడా కొలిచిన మనిషి, ఈ నాలుగు నెలల్లో నా నడుం మీద ఒక్కసారి కూడా టేపు పెట్టలేదు.

"మరి నన్నెందుకు కొలవలేదు బావా?"

"కొలిస్తే నిజం చెప్పాలి గదరా" అన్నాడు తల వంచుకుని.

తరవాత లేచి వచ్చి, టేపు నా చుట్టూ తిప్పి, అంకె పైకే చదివాడు. "ముప్పై ఏడున్నర. ఇక ప్యాంటులో వదలడానికి బట్ట లేదు. తగ్గితే నువ్వే తగ్గాలి. ముందు ఆ రెండో వడ్డన మానెయ్యి."

మర్నాడు బావ రోజూ వచ్చే వేళకి అరగంట ముందే పార్కు దగ్గర నిలబడ్డాను. ఆగబుద్ధి కాక ఒక్కణ్ణే మొదలుపెట్టాను. బావ వచ్చేసరికి యాభై వేలు దాటేశాను.