అరువుల ఆంటీ సంచి

అరువుల ఆంటీ ఎక్కడికైనా చేతులూపుకుంటూ వస్తుందంటే అది నింద. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఓ పెద్ద సంచి ఉంటుంది. అందులో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు, ఎందుకంటే కావలసిన ప్రతి వస్తువునూ ఆవిడ పక్కవాళ్ళనే అడుగుతుంది. సబ్బు, దువ్వెన, తువ్వాలు, గొడుగు, ఏదైనా సరే. ముప్పై ఏళ్ళు లైబ్రరీలో ఊరందరికీ పుస్తకాలు అరువిచ్చిందనీ, రిటైరయ్యాక వడ్డీతో సహా రాబట్టుకుంటోందనీ చర్చి పిల్లలు నవ్వుకుంటారు.

యువజన శిబిరానికి ఈసారీ ఆవిడే పెద్దదిక్కుగా వస్తోందని తెలిసి మందులక్కకు ఉన్న కాస్త ఓపికా జారిపోయింది. మందుల షాపులో పని చేస్తూ, ఆరేళ్ళుగా చర్చి యువజనుల్ని నెత్తిన మోస్తోంది కాబట్టి ఆమెకా పేరు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఎలాగో నెట్టుకొస్తే, ఈ బాధ్యత ఇంకెవరికైనా అప్పగించి కంటినిండా నిద్రపోవాలని ఆమె ఆశ. శిబిరంలో చెప్పబోయే అంశాలు విశ్వాసం, దాతృత్వం. రెండూ ఆమె దగ్గర అడుగంటి చాలా కాలమైంది.

బస్సు వీధి మలుపు తిరక్కముందే ఆంటీ ఒకరి స్వెటరు అడిగింది. పది నిమిషాలకు ఇంకొకరి నీళ్ళ సీసా. గిటారబ్బాయి దువ్వెన తీసుకుని తల దువ్వుకుని, మళ్ళీ కావాలంటే అడుగుతానని తిరిగిచ్చింది. శిబిరం దగ్గర ఆవిడ సంచి దించడానికి మాత్రం ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

"ఏముందాంటీ ఇందులో, ఇటుకలా?"

"నా వయసుకు తగిన బరువుండాలి కదరా."

ఆ సాయంత్రం మొదటి ప్రార్థనలోనే పాస్టరుగారు మంచి మనసుతో ఓ పొరపాటు చేశారు. శిబిరానికి సాయం చేసిన వాళ్ళందరినీ దీవించమని వేడుకుంటూ, వాళ్ళ దయ వల్లే దర్జీగారి అమ్మాయి కూడా రాగలిగిందని దేవుడికి వివరంగా చెప్పారు. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, కానీ చెవులు మూసుకోలేదు. పదిహేడేళ్ళ ఆ పిల్ల కుక్కిన పేనులా ఉండిపోయింది. భోజనాల దగ్గర ఎవరో ప్రేమగా ఇంకొంచెం వడ్డిస్తే పళ్ళెం పక్కకు జరిపేసింది.

శనివారం పొద్దున్నే బ్యాగు సర్దేసుకుని, పన్నెండింటి బస్సుకు ఇంటికెళ్ళిపోతానంది. మందులక్క బతిమాలింది, కోప్పడింది, మళ్ళీ బతిమాలింది. "నన్ను చూసినప్పుడల్లా వాళ్ళకు వాళ్ళు చేసిన సాయమే గుర్తొస్తుందక్కా," అంది ఆ పిల్ల. ఈ పిల్ల ఇలా వెళ్ళిపోతే ఇక చర్చి గుమ్మం తొక్కదని మందులక్కకు తెలుసు. తల ప్రాణం తోకకొచ్చి అక్కడే బల్ల మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడే ఆంటీ సంచి పట్టీ తెగింది. తెగిన సంచిని ఈడ్చుకుంటూ ఆవిడ భోజనాల గది అంతా తిరిగింది. సూదీ దారం ఎవరి దగ్గరా లేవు. ఇప్పుడు ఈవిడొకతె తక్కువైందని మందులక్క పళ్ళు కొరుక్కుంది. ఆంటీ చివరికి దర్జీగారి అమ్మాయి దగ్గరికొచ్చి, ఆ పిల్ల బ్యాగు పక్కనే చతికిలబడింది.

"నీ దగ్గర ఉందా తల్లీ?"

ఆ పిల్ల బ్యాగు విప్పి, వాళ్ళమ్మ పెట్టిచ్చిన చిన్న రేకు డబ్బా తీసింది. ఆంటీకి సూదిలో దారం ఎక్కించడం రాలేదు. ముడి వేయడం కూడా రాలేదు. చూడలేక ఆ పిల్లే లాక్కుని కుట్టసాగింది. ఆంటీ ఆ కుట్టు పట్టుకుని హాలంతా చూపించి వచ్చేసరికి ఒకడు ఊడిన గుండీతో, ఇంకొకతె జారిన పావడా అంచుతో, గిటారబ్బాయి తెగబోతున్న గిటారు పట్టీతో తయారయ్యారు. పన్నెండింటి బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది.

"తోసుకోకండి, వరసగా రండి," అంటోంది దర్జీగారి అమ్మాయి నోట్లో దారం పెట్టుకుని. రాత్రి భోజనంలో రెండుసార్లు అడిగి వడ్డించుకుంది.

ఆదివారం తిరుగు ప్రయాణంలో మందులక్కకు తల పగిలిపోతోంది. తెచ్చిన మాత్రలన్నీ పిల్లలకే అయిపోయాయి. ఆరేళ్ళలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, గత్యంతరం లేక పక్క సీటు వైపు తిరిగింది.

"ఆంటీ, మీ దగ్గర ఉండదని తెలుసు. అయినా, తలనొప్పికి ఏమైనా ఉందా?"

ఆంటీ ముందుకీ వెనక్కీ చూసి, సంచి జిప్పు లాగింది. లోపల స్వెటరు, గొడుగు, రెండు తువ్వాళ్ళు, విప్పని సబ్బులు, మూడు దువ్వెనలు. వాటి కింద రంగురంగుల దారాలతో నిండు కుట్టుపెట్టె, ఓ కత్తెర. మందులక్క సంచి పట్టీని దగ్గరగా చూసింది. తెగిన గుడ్డకు పీచు లేవాలి. కుట్టు కింద ఈ అంచు గీత గీసినంత తిన్నగా ఉంది.

"మీరే కోశారా?"

ఆంటీ బామ్ సీసా ఆమె చేతిలో పెట్టింది. "లైబ్రరీలో చూశానమ్మాయ్. ఎప్పుడూ తీసుకెళ్ళేవాళ్ళు తల దించుకునే వచ్చేవారు. వాళ్ళ ఇంట్లోంచి ఒక్క పాత పుస్తకం తెచ్చిచ్చిన రోజున మాత్రం నా బల్ల మీద మోచేయి ఆనించి కబుర్లు చెప్పేవారు. అదొక్కటే నాకు తెలిసిన విద్య."

మందులక్కకు ఏడుపొచ్చేలా ఉండి, నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఈవిడను తిట్టుకున్నందుకు సిగ్గూ వేసింది. బామ్ రాసుకుంటూ మెల్లగా అడిగింది. "వచ్చే ఏడాది నా ఒక్కదానివల్ల కాదు. సగం పని మీరు చూస్తారా?"

"అమ్మయ్య, అడగడం నేర్చుకున్నావు. చూస్తాలే," అంది ఆంటీ. జిప్పు గట్టిగా మూసి గొంతు తగ్గించింది. "ఈ సంచి సంగతి ఎవరితోనూ అనకు. నా పరువు పోతుంది."

తర్వాత ముందు సీటు మీదికి వంగి గిటారబ్బాయి భుజం తట్టింది.

"బాబూ, ఆ దువ్వెన ఇంకోసారి ఇస్తావా?"