రైలు కదిలేటప్పుడు

హిందూపురంలో రైలు కదలగానే పక్కసీటు పెద్దాయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలేశాడు. దొంగేమోనని జేబు తడుముకున్నాను. పర్సు ఉంది. అయినా బ్యాగు ఒళ్ళోకి తీసుకున్నాను. పెనుకొండలో రైలు ఆగి బయలుదేరగానే మళ్ళీ పట్టుకున్నాడు.

"ఏం కావాలి పెద్దాయనా నీకు?" అన్నాను కోపంగా.

"తప్పుగా అనుకోవద్దప్పా. బండి కదిలేటప్పుడు నాకు భయం," అన్నాడు. "మా నాయన ధర్మవరం చీరలు అమ్మేకి పట్నం పోయినాడు. ప్రయాణికుల విమానాలు కొత్తగా వచ్చిన కాలమది. తిరిగొచ్చేటప్పుడు ఆశపడి ఎక్కినాడు. పైకి లేస్తానే అది కూలిపోయింది. మాకు శానా దినాలు ఎవరూ చెప్పలేదు. వస్తాడని మా అమ్మ దినామూ అన్నం ఎత్తిపెడతా ఉన్నింది."

నేను సగమే నమ్మాను. ఇలాంటి కథలు చెప్పి సామాను కొట్టేసేవాళ్ళ గురించి విన్నాను. బ్యాగు జిప్పు మీది నుంచి చేయి తీయలేదు.

ధర్మవరంలో దిగి ఆయన నా కిటికీ దగ్గరికొచ్చాడు. "చేరినాక ఇంటికి ఫోన్ చెయ్యప్పా," అన్నాడు. నేను బదులు చెప్పేలోపే రైలు కదిలింది.

ప్రయాణాల్లో ఇంటికి ఫోన్ చేసే అలవాటు నాకు లేదు. ఆరోజు అనంతపురంలో దిగగానే చేశాను.

"చేరినాను," అన్నాను.

అవతల మా ఆవిడ టీవీ ఆపేసింది.

"ఏమైంది? నిజం చెప్పు," అంది.