మేడ మీద గదిలో ఆవిడ

మా చిన్నప్పుడు... రేపల్లెలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు నాన్‌డిటైల్‌గా ఒక పాత నవల ఉండేది. పిల్లల కోసం కుదించిన పుస్తకం. అందులో ఒక దొర, పిచ్చి పట్టిన భార్యను మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు. పైనుంచి నవ్వు వినబడుతుంటుంది...

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో మాస్టారు ఆ నవ్వు నవ్వి చూపించారు. నేను పక్కవాడి చెవిలో చెప్పాను. "సరోజ వాళ్లమ్మ కూడా అంతేరా. మేడ మీద గదిలోనే ఉంటది. వరండా కిటికీలోంచే కంచం అందిస్తారు."

సరోజ మా పక్కింటి పిల్ల. మా తరగతే. ఈ సంగతి బయట అనొద్దని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది.

సోమవారం నుంచి సరోజ తరగతిలోకి రాగానే ఎవరో ఒకరు ఆ నవ్వు నవ్వేవారు. తల దించుకుని కూర్చునేది. ఒక్కసారే లేచి అడిగింది.

"మాస్టారూ, పుస్తకం మొత్తంలో ఆవిడ ఒక్క మాటా మాట్లాడదేంటండి?"

"పిచ్చిదానికి మాటలేంటే? కూర్చో."

అందరం నవ్వాం.

దసరా సెలవుల్లో తెనాలికి ఒక సినిమా వచ్చింది. "మన నవల కథేరా, తెలుగులో తీసేశారు" అంటూ మాస్టారు పన్నెండు మందిని రైల్లో మ్యాట్నీకి తీసుకెళ్లారు. సరోజ కూడా వచ్చింది.

"నువ్వెందుకే?" అన్నాను రైల్లో.

"తెలుగులో మార్చి తీశారేమో... ఆవిడ బయటికొస్తదేమో చూద్దామని."

మార్చారు. దొర జమీందారయ్యాడు. పాటలు కలిపారు, కామెడీ కలిపారు. ఆవిడకు మాత్రం అక్కడా మాటల్లేవు, నవ్వొక్కటే. చివర్లో మేడ అంటుకుంది. ఆవిడ మంటల్లో పడింది... హీరోకు అడ్డు తొలగింది. హాలంతా ఈలలు.

"సరోజా, మీ అమ్మేనే!" అని అరిచింది నేను.

సినిమా చూసొచ్చిన వాళ్లు సాయంత్రాలు మా వీధిలో చేరి, ఆ కిటికీ కేసి చూస్తూ నవ్వడం మొదలుపెట్టారు. పైనుంచి ఆవిడ కూడా నవ్వేది. నాలుగో రోజున సరోజ వాళ్ల నాన్న వడ్రంగిని పిలిపించి కిటికీకి చెక్కలు కొట్టించాడు. కంచం లోపలికి తీసుకెళ్లడానికి మనిషి కావాలని సరోజను బడి మాన్పించాడు. ఆ ఏడాదే ఇల్లు అమ్మేసి వెళ్లిపోయారు.

నేను ఈ పత్రికలో చేరిన కొత్తలో బాపట్ల బస్టాండులో సరోజ కనిపించింది. వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాను.

"పోయింది. గదిలోనే."

అయ్యో అనబోయాను. ఆపింది.

"పద్నాలుగేళ్లు పక్కింట్లో ఉన్నావుగా. మా అమ్మ పేరేంటో చెప్పు."

నాకు తెలియదు. 'సరోజ వాళ్లమ్మ' అనే అనేవాళ్లం... పిచ్చిది అనేవాళ్లం. నిజాంపట్నం బస్సు వచ్చింది. ఆ పేరు చెప్పకుండానే ఎక్కేసింది.

ఇప్పుడా నవల చదివేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. ఆ గది, ఆ తాళం, ఆ నవ్వు మాత్రం సినిమాల్లోంచి సీరియళ్లలోకి వచ్చి కూర్చున్నాయి. మొన్న మా మనవరాలు ఫోన్లో అదే నవ్వు చూసి పడీపడీ నవ్వింది...

మీ వీధిలోనూ అలాంటి గది ఒకటి ఉండే ఉంటుంది. కథ వద్దు. ఆవిడ పేరు తెలిస్తే, అది రాయండి.