సిరిల్ వాదన

ఇంగ్లండ్‌లో సఫోక్‌లోని ఒక పల్లెటూరి పబ్బుకి సిరిల్ రోజూ సాయంత్రం టోపీ సర్దుకుంటూ వస్తాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. గ్లాసు ముట్టుకోకముందే, కిటికీ పక్కన కూర్చునే డెల్బర్ట్‌తో ఎవరి దేశం గొప్పదని వాదన మొదలుపెడతాడు. డెల్బర్ట్ అమెరికన్. పక్కనున్న వైమానిక స్థావరంలో ఉద్యోగానికి వచ్చి, ఈ ఊరి మేవిస్‌ని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. "మేం రైలు చెయ్యకపోతే మీవాళ్ళు ఇంకా గుర్రాల మీదే తిరిగేవాళ్ళు" అంటూ సిరిల్ బల్ల మీద వేలితో పట్టాలు గీసి మరీ చూపిస్తాడు.

మేవిస్ పోయాక డెల్బర్ట్ చాలా రోజులు పబ్బుకి రాలేదు. వచ్చిన రోజు అందరూ గొంతు తగ్గించి ఓదార్చారు. అతను తలెత్తలేదు. సిరిల్ ఎదురుగా కూర్చుని, "విమానం మీదే కావచ్చు గానీ, జెట్ ఇంజిన్ మాత్రం మాదేనోయ్" అన్నాడు. పబ్బంతా నిర్ఘాంతపోయింది. డెల్బర్ట్ తలెత్తాడు. "మరి చంద్రుడి మీదికి మీవాళ్ళెవరైనా వెళ్ళారా?"

సిరిల్ కళ్ళు చెమర్చాయి. "లేదులే. నువ్వే గెలిచావ్."

"జాలిపడి ఓడిపోతే ఒప్పుకోను. సమాధానం చెప్పు" అన్నాడు డెల్బర్ట్.

సిరిల్ ముక్కు తుడుచుకుని, కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు. "అంత దూరం పోయి మీవాళ్ళు తెచ్చింది రాళ్ళేగా?"