దోర్నపాల్‌లో ఛార్జింగ్

భద్రాచలం వెళ్లే అడవి దారిలో ఉన్న దోర్నపాల్‌లో, రోడ్డు పక్క హోటల్ ముందు ఛార్జర్ ఒక్కటే ఉంది. అది మా కంపెనీది. కరెంటు కార్ల వ్యాపారంలోకి కొత్తగా వచ్చిన మేము అప్పటికే ఒక పోటీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాం. ఎవరి ఛార్జర్ దగ్గరైనా ఇద్దరి కార్లూ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆ సంగతి ఆఫీసులో చెప్పిన రోజు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

నా కారు ఛార్జింగ్‌లో పెట్టి టీ తాగుతుంటే ఆ పోటీ కంపెనీ టాక్సీ ఒకటి వచ్చి ఆగింది. వెనక సీట్లో డ్రైవర్ తల్లి ఒక కంటికి కట్టు కట్టుకుని కూర్చుంది.

“అన్నా, ఇది మా బండికి పనిజేస్తదా? అమ్మను భద్రాచలం దవాఖానకు తీస్కపోతున్న.”

నా కారు తీసి చోటిస్తే ఇంకో గంట ఆగాలి. “పనిచేయదు” అన్నాను.

“సరే అన్నా. ఉన్న ఛార్జింగ్‌తోనే ఏసీ బంద్ జేసి మెల్లగ పోతం.”

తిరిగి వెళ్తూ నా కారు వెనక చక్రం దగ్గర ఆగాడు. “మేకు దిగింది గదా! గిట్లనే పోతే నడిమి అడవిల ఆగుతవ్.”

వద్దంటున్నా తన సామాను తెచ్చి, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని పంక్చర్ వేశాడు. గాలి కూడా కొట్టాడు. అంతసేపూ నిజం నా నోటిదాకా వచ్చింది. చెబితే అబద్ధం బయటపడుతుందని మింగేశాను.

అద్దాలు దించుకుని వాళ్లు బయలుదేరారు. ఆ తల్లి చెయ్యి బయటికి చాచి, “పైలంగ పో బిడ్డా” అంది.

ఆమె కన్ను ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు. అతని పేరైనా నేను అడగలేదు.