రాగి తీగకు గంజి

మా ఆయనకు బస్సుల డైనమోలు చుట్టడం వచ్చు గానీ, చుట్టగా మిగిలిన తీగను ఒకచోట పెట్టడం రాదు. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు మీద మాది రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. షెడ్డులో ఉండాల్సిన రాగి తీగ కండెలు ఇంట్లోకి వచ్చి కాపురం పెట్టేవి. మంచం కింద ఒకటి, పప్పు కుండ పక్కన ఒకటి. ఒకరోజు బియ్యం చెరుగుతుంటే చేటలోకి ఒక తీగ కొస వచ్చింది. లాగాను. లాగినకొద్దీ వస్తూనే ఉంది. పక్క గదిలో కండె గిరగిరా తిరుగుతున్న చప్పుడు.

"గీ తీగలన్నీ మూసీల పారబోస్త, సూడు" అన్నాను.

"జర ఆగు. మంచి చట్రం చేయిస్త. అన్నీ వరుసగ పెట్టుకుందాం" అన్నాడు.

ఆ 'జర' ఏడాది నడిచింది.

నవాబు పాలన పోయి సర్కారు మారిన మరుసటి ఏడు, ఎండలు ముదరక ముందు, మా నాయన మిర్యాలగూడ నుంచి వచ్చాడు. మాది నేత ఇల్లు. అమ్మ పోయాక మగ్గం చప్పుడే ఆయనకు తోడు. నూలు దొరకక అదీ ఆగిపోయింది. వచ్చి మా దగ్గరే ఉండిపొమ్మని నేను కబురు మీద కబురు పంపితే వచ్చాడు గానీ, తెచ్చిన మూట విప్పలేదు. తలుపు వెనక కొయ్యకు తగిలించాడు. పొద్దున్నే అందులోంచి పంచె లాగి, మళ్ళీ గట్టిగా ముడి వేసేవాడు. ఆ ముడి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

"బిడ్డింట్ల సుట్టమోలె ఉండాలె గానీ సంసారం పెట్టొద్దు. ఆదివారం పోత" అన్నాడు.

ఆ ఖాళీ ఇంటికి ఆయనను పంపడం నా వల్ల కాదు. ఏడిస్తే ఇంకా తొందరగా వెళ్ళిపోతాడు, నాకు తెలుసు. నేను ఆయన కూతురినే కదా, ఆ మొండితనం నాకూ ఉంది. అందుకని చట్రం సంగతి ఎత్తాను.

"నాయినా, నీ అల్లుడు ఈ జన్మల చెయ్యడు. పడుగు పోసేటప్పుడు కండెలు గుచ్చుతరు సూడు, అసుంటిది ఒకటి చేసిచ్చి పో."

ముసలాయన కళ్ళు మెరిశాయి. ఆ పూటే షెడ్డు గోడను జానలతో కొలిచాడు. విరిగిన బండి చెక్కలు తెచ్చి చట్రం బిగించాడు. కండెలు గుచ్చడానికి అలవాటు కొద్దీ వెదురు పుల్లలు పెట్టాడు. కండెలు ఎక్కించగానే పుల్లలన్నీ విల్లులా వంగాయి.

"మామా, గిది నూలు గాదు, రాగి" అని మా ఆయన నవ్వి, పాత బస్సు ఇనుప చువ్వలు తెచ్చిచ్చాడు.

లావు తీగలు కింద, సన్నవి పైన. ముందు ఒక చెక్కకు బెజ్జాలు పెట్టి, ఒక్కో బెజ్జంలోంచి ఒక్కో తీగ కొస బయటికి తీశాడు. కావలసినంత లాగి తుంచుకోవడమే. అంత చక్కని వస్తువు మా షెడ్డులో ఇంకోటి లేదు.

చక్కగా వచ్చిందని నేను ఒప్పుకుంటేగా! ఆదివారం నాడు, "పై వరుస నాకు అందుతలేదు" అన్నాను. తగ్గించాడు. తరువాత, కింది వరుస చీపురుకు అడ్డం వస్తున్నదన్నాను. పెంచాడు. చిత్రిక పట్టమన్నాను, జాజు పూయమన్నాను.

"ఇగ దానికి పెండ్లి గూడ చేద్దాం" అన్నాడు మా ఆయన. నా ఎత్తు ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది.

చివరికి నాకు వంకలు కరువయ్యాయి. "రేపు పొద్దుగాల బస్సుకు పోత" అన్నాడు నాయన.

ఆ రోజు మా ఆయన బాగుచేసిన డైనమో ఇచ్చి రావడానికి కోదాడ వెళ్ళాడు. నేను అంగడికి బయలుదేరుతుంటే, "గంజి ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు నాయన. మా ఇంట్లో నోరు తెరిచి ఏదీ అడగని మనిషి! సంబరంగా ఉప్పు వేసి చెంబు నిండా ఇచ్చాను.

"ఉప్పెందుకేసినవ్? ఉప్పు లేనిది తే" అన్నాడు. పెద్దతనం కదా, ఉప్పు పడదేమో అనుకుని వేరే గంజి ఇచ్చి వెళ్ళాను.

సాయంత్రం మా ఆయన కోదాడ డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డులో అడుగు పెట్టగానే డ్రైవరు ముక్కు ఎగబీల్చాడు. "ఏంటండీ మేస్త్రీ గారూ, గంజి వాసనొస్తంది?"

అప్పట్లో రాగి తీగ మీద సన్నని నూలు చుట్టి ఉండేది, ఒక తీగ కరెంటు పక్క తీగకు తగలకుండా. కొన్ని కండెల మీద ఆ నూలు రేగిపోవడం నాయన కంట పడింది. నేత మనిషి చెయ్యి ఊరుకుంటుందా? వాకిట్లో గుంజలు పాతి, తీగను పడుగులా సాగదీసి, కుంచెతో గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ కండెలకు చుట్టాడు.

"పోగు లేస్తున్నదని గంజి వెట్టిన అల్లుడా. ఎంత బిర్రుగున్నదో సూడు" అన్నాడు మురిసిపోతూ.

మా ఆయన తీగను వేళ్ళతో రుద్దాడు. గంజి పట్టిన నూలు చెమ్మ పీలుస్తుంది, చెమ్మ తగిలితే డైనమో కాలిపోతుంది. నాకు కూడా తెలిసిన సంగతి అది. ఆయన తీగను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక నేల మీద కూలబడ్డాడు. డ్రైవరూ నవ్వాడు. నాయన నవ్వలేదు.

"తప్పయింది. చెడగొట్టిన" అని లోపలికి వెళ్ళి మూట మీద చెయ్యి వేశాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చాడు. "యాడికి మామా? గా గంజి నూలంత ఊడబీకి మళ్ళ కొత్త నూలు ఎవరు సుట్టాలె? నాకస్తదా?"

నాయన వెనక్కి తిరిగాడు. ఆయన వేళ్ళు అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాయి. "సన్నపోగు కావాలె. నా దగ్గర జర ఉన్నది" అని మూట దించి, ముడి విప్పాడు. పంచెల కింద నుంచి నూలు కండెలు, అమ్మ వాడిన కదురు బయటికి వచ్చాయి. వాటిని పట్టుకెళ్ళి చట్రం పై వరుసలో రాగి కండెల పక్కన గుచ్చాడు.

ఆయన అటు తిరగగానే నేను ఆ మూటగుడ్డ లాక్కెళ్ళి నీళ్ళ గోలెంలో ముంచేశాను. తడిగుడ్డలో ఎవరూ మూట కట్టుకోరు కదా.