ఊడిన వైరు

మార్కాపురంలో ఏ కంప్యూటర్ మూత విప్పినా లోపలి దుమ్ము పలకరాయి వాసన వేస్తుంది. నిన్న కూడా ఒక దుకాణంలో తుమ్ముతూ ఆ దుమ్ము దులిపాను. నడుం నొప్పి, ఆగకుండా మోగే ఫోను, అన్నిటి మీదా విసుగు. రంగయ్య పెదనాయన గుర్తొచ్చాడు. నన్ను ఈ పనిలోకి తోసింది ఆయనే.

ఆయనకు పలకల కార్ఖానా ఉండేది. అక్కడ కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. పలకలకు గిరాకీ పడిపోయాక ఒకరోజు పిలిచి, "పాపా, ఇంక నెల జీతం ఇయ్యలేను. కంప్యూటర్ల పని బయటోళ్ళకి అప్పజెప్తా" అన్నాడు. మా ఇల్లు నడిచేది ఆ జీతంతోనే. "ఎవరికి పెదనాయనా?" అన్నాను. "నీకే. చెడిపోయినప్పుడు పిలుస్తా, వచ్చి బాగుచేసి పో. అట్లనే ఇంకో నాలుగు దుకాణాలు పట్టుకో." వదిలించుకోవడానికి తియ్యగా చెబుతున్నాడనుకుని, ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను.

దుకాణాలవాళ్ళు నన్ను నమ్మలేదు. ఏదైనా అయితే ఒంగోలు నుంచి మనిషిని పిలిపించుకుంటామనేవారు. పెదనాయన మాత్రం మాటిమాటికీ పిలిచేవాడు. పోయి చూస్తే ఎప్పుడూ ఒకటే జబ్బు, వెనక వైరు ఊడి ఉండేది. పక్కన ఎవరో ఒక వ్యాపారి టీ తాగుతూ కూర్చుని ఉండేవాడు. వైరు గుచ్చి, లోలోపల సణుక్కుంటూ వచ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆ టీ తాగిన వ్యాపారులే ఒక్కొక్కరుగా నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

ఒకనాడు ఎండలో పడి కార్ఖానాకు పోయేసరికి వీధంతా కరెంటు లేదు. పలకలు కోసే మిషన్లు కూడా ఆగిపోయి ఉన్నాయి. ఎరువుల దుకాణం ఆయన పెదనాయన ఎదుట కూర్చుని ఉన్నాడు. "తొందరగా చూడు పాపా, కంప్యూటర్ వెలగట్లా" అన్నాడు పెదనాయన.

"పొద్దున్నించి కరెంటే లేదంట గదా పెదనాయనా! చెడిపోయిందని నీకెట్ల తెలిసింది?"

ఎరువుల దుకాణం ఆయన పగలబడి నవ్వాడు. ఆయన వెళ్ళాక పెదనాయన తల వంచుకుని అన్నాడు: "వైరు ప్రతిసారీ నేనే పీకినాను. ఇంట్లో కూర్చుంటే నీకు పని వచ్చని ఎవరికి తెలుస్తాది? వాళ్ళ కళ్ళ ముందర నువ్వు రావాల, బాగుచెయ్యాల. జీతం ఇయ్యలేకపోతిని, ఇదన్నా చెయ్యొద్దా?"

కార్ఖానా మూతబడింది, పెదనాయన కూడా పోయాడు. ఇప్పుడు ఆ వీధిలో అందరూ నన్నే పిలుస్తారు. అలసిపోయాను, అది నిజం. నిన్న ఆ దుకాణంలో అంతా దులిపాక చూస్తే, వెనక వైరు ఊడి ఉంది. గుచ్చబోయి, కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకున్నాను. ఇది దానంతటదే ఊడింది. నా కోసం పీకేవాడు ఇప్పుడు లేడు.